ఆరనిచ్చి అంటించాలన్న మామ

ముందే ఒట్టు పెట్టి చెబుతున్నాను. ఈ కింద రాసినదంతా అక్షరాలా జరిగింది. నమ్మకం కుదరకపోతే అరచేతిలో కర్పూరం వెలిగించుకుని, తూర్పుకు తిరిగి నిలబడి, మా ఇలవేలుపు మీద ప్రమాణం చేస్తాను. నన్ను ఎరిగినవాళ్ళు మాత్రం, "ఆయనకు కర్పూరం ఇవ్వకండి, చెయ్యి కాల్చుకుంటాడు" అంటారు. అననివ్వండి. వాళ్ళు నేను చెప్పిన కథలు విన్నవాళ్ళు. ఇది కథ కాదు, మామ సంగతి.

మామ పోయిన నెలలో పోయారు. ఆయన నాకు చుట్టమేమీ కాదు. తిరుపతిలో మా వీధిలోనే కాపురం, రిటైరైన సైన్సు మాస్టారు. వీధంతా మామ అంటే నేనూ మామ అన్నాను. ఆయన భార్య అందరికీ మామి. నుదుటిన తిరునామం, చొక్కా జేబులో మడిచిన గరుకు ఉప్పుకాగితం ముక్క, ఈ రెండూ లేకుండా మామ గడప దాటగా నేను చూడలేదు. తిరునామం ఎందుకో చెప్పక్కరలేదు. ఉప్పుకాగితం ఎందుకంటే, దారిలో ఎక్కడ ఏది ఊడిపోయి కనిపిస్తుందో తెలియదు కదా. అంటించాలంటే ముందు గీకాలి.

కూతురు చెన్నై నుంచి రావాలని ఆయన్ను ఐసు పెట్టెలో పడుకోబెట్టారు. నేను వెళ్ళేసరికి పెట్టె మూతకు ఒక మూల రబ్బరు ఊడి వేలాడుతోంది. ఆ సందులోంచి చల్లటి పొగ సన్నగా బయటికి వస్తోంది. చూడటానికి వచ్చిన పెద్దమనుషులు కాసేపు దుఃఖం పక్కన పెట్టేశారు. పంచరు షాపు సొల్యూషన్ వేస్తే నిలుస్తుందని ఒకాయన, చిన్న ట్యూబులో వచ్చే చటుక్కు బంక రెండు చుక్కలు చాలని ఇంకొకాయన, అదంతా ఎందుకు, టేపు చుట్టేయండని మూడో ఆయన. గొంతులు లేచాయి. ఒకాయన చెప్పులు వేసుకుని అంగడికి బయలుదేరాడు కూడా. తలవైపు కూర్చున్న మామి తల ఎత్తింది.

"ఏదీ పెట్టొద్దండప్పా. ఆయన ఒప్పుకోరు."

నవ్వాలో ఏడవాలో ఎవరికీ తెలియలేదు. నాకు నవ్వొచ్చింది, అది నా పుట్టుబుద్ధి. మామి నావైపు చూసింది. ఆమె పెదవి కూడా కొంచెం కదిలింది. అంగడికి బయలుదేరినాయన చెప్పులు విప్పి మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. మామ గురించి రాయాలని నాకు అప్పుడే అనిపించింది.

మామకు ఒక తెల్ల కారు ఉండేది. ఎవరో పెద్ద ఆఫీసరు వాడి వదిలేసినది. ఏ కంపెనీదో చెప్పను, ఎందుకంటే ఆ కంపెనీ తప్పేమీ లేదు. కారు తలుపు చుట్టూ వాననీళ్ళు రాకుండా వేలంత లావున నల్ల రబ్బరు ఉంటుంది, మెకానిక్కులు బీడింగ్ అంటారు. మామ కారులో వెనక తలుపులు రెంటికీ అది ఊడింది. ఇంకొకరైతే షెడ్డుకు తోలుకుపోయి, టీ తాగి వచ్చేలోపల అంటించుకుని వచ్చేవారు. మామ అలా చేయలేదు. ఏ బంక మంచిదో ఆలోచించడం మొదలుపెట్టారు.

ఆ ఆలోచన ఎన్నేళ్ళు సాగిందో నేను లెక్కపెట్టలేదు. మామ ఆలోచన మొదలుపెట్టినప్పుడు నా తల నల్లగా ఉండేదని మాత్రం చెప్పగలను.

ఆయన వాకిట్లో తిన్నె మీద డబ్బాలూ ట్యూబులూ వరసగా ఉండేవి. మూత తీసి, డబ్బాను దూరంగా పట్టుకుని, బడిలో పిల్లలకు నేర్పినట్టే చేత్తో గాలిని ముక్కువైపు విసురుకుని వాసన చూసేవారు. ఏదైనా ఆరిందో లేదో చూడాలంటే వేలి కొసతో కాదు, వేలి వెనక కణుపుతో తాకేవారు. కొసకు చెమట ఉంటుందట, అది అబద్ధం చెబుతుందట. రానురాను అది ఆయన చేతికి పట్టుకుపోయింది. ఇడ్లీ ఉడికిందా, గోడ సున్నం ఆరిందా, మనవరాలికి జ్వరం తగ్గిందా, అన్నిటికీ వేలి కణుపే. ఒకసారి నా కొత్త చొక్కాను కూడా అలాగే తాకి, తల ఊపి వెళ్ళిపోయారు. పాసయ్యానో ఫెయిలయ్యానో ఇప్పటికీ తెలియదు.

నేను పొద్దున పేపరు చదవడానికి వాళ్ళ తిన్నె మీదికి పోయేవాణ్ణి. పేపరు ఒక సాకు. పాఠం వినడానికే పోయేవాణ్ణి.

"సూడబ్బా, రబ్బరుకు కావాల్సింది గట్టిదనం కాదు," అని మొదలుపెట్టేవారు. "ఎండకు ఇనుము ఒక తీరుగా పెరుగుతాది, రబ్బరు ఇంకో తీరుగా పెరుగుతాది. రెండూ తలా ఒక దిక్కు లాగతాంటే నడుమ ఉండే బంక ఓర్చుకోవాల. సంసారంలో ఆడమనిషి మాదిరి."

లోపలి నుంచి మామి గొంతు వినిపించేది. "ఓర్చుకుంటానే ఉండాను. ఇంక పూయండి."

మామ ఆ మాట విననట్టు ముందుకు సాగేవారు. చటుక్కు బంక అంటే ఆయనకు అసహ్యం. అది ఎన్నికలప్పుడు వచ్చే నాయకుడట, చెయ్యి పట్టుకుంటే వదలడు, ఒక ఎండాకాలం గడిస్తే ఆచూకీ ఉండదు. పైగా పోతూపోతూ రబ్బరును కూడా పెళుసు చేసి పోతాడు. రెండు ట్యూబులు కలిపి పూసేది రాయి అయిపోతుంది కాబట్టి రబ్బరుతో దానికి పొత్తు కుదరదు. కుదిరినా ఆ పొత్తు ఎన్నాళ్ళుంటుందో మన రాష్ట్రంలో పుట్టినవాళ్ళకు చెప్పాలా అనేవారు. సిలికాన్ సందు పూడుస్తుందే కానీ బరువు మోయదు. అది బడి తనిఖీకి వచ్చి టిఫిను తిని పోయే అధికారి. చెప్పులు కుట్టేవాళ్ళ బంక మీద ఆయనకు గౌరవం ఉండేది కానీ, తిరుపతి మే నెల ఎండలో నిలబెట్టిన కారు తలుపు పెనంలా కాలుతుంది, ఆ వేడికి అది కరిగి జారుతుందని భయం.

చివరికి ఒకదాన్ని ఒప్పుకున్నారు. తేనె రంగులో, డబ్బాలో వచ్చేది, వేడికి ఆగేది. రబ్బరుకూ పూయాలి, తలుపు గాడికీ పూయాలి. పూసిన వెంటనే కలపకూడదు. రెండిటినీ వేరువేరుగా ఆరనివ్వాలి. కణుపుతో తాకితే అంటీ అంటనట్టు ఉండాలి. అప్పుడు కలిపి ఒత్తాలి. ఒకసారి కలిపాక ఇక సర్దుబాటు లేదు. ఇదీ మామ సిద్ధాంతం. ఇది బంక డబ్బా మీద కూడా రాసి ఉంటుంది కానీ, మామ నోటి నుంచి వస్తే ఉపనిషత్తులా ఉండేది.

ఎవరింట్లో నిశ్చితార్థం జరిగినా మామను పిలిచేవారు. ఆయన తాంబూలం పుచ్చుకుని, పిల్ల తండ్రిని పక్కకు పిలిచి, "ఆరనిచ్చినారా?" అని అడిగేవారు. అంటే ఇరువైపులవాళ్ళూ ఆలోచించుకోవడానికి కొన్నాళ్ళు విడిగా వదిలారా అని. చూసిన వారంలోనే తాంబూలాలు పుచ్చుకున్నామని చెబితే ఆయన ముఖం చిన్నబోయేది. పాయసం మాత్రం తినేవారు.

బంక దొరికింది కదా, మరి పూశారా అంటే, లేదు. పూసేముందు పాత బంక గీకాలి. గీకితే కింద తుప్పు బయటపడింది. తుప్పు గీకి రంగు వేయాలి. రంగు వేస్తే అది ముదరాలి. ముదిరేలోపల వానలు వచ్చాయి. వానలు పోయేసరికి డబ్బాలో బంక గడ్డకట్టింది. కొత్త డబ్బా తెచ్చేసరికి గాడిలో మళ్ళీ తుప్పు. ఈ చక్రం తిరుగుతూ ఉండగా ఊడిన రబ్బరు కారు తలుపుకు పురికొసతో కట్టి ఉండేది, పెళ్ళయిపోయిన పందిట్లో తోరణంలాగా. వాన కురిస్తే వెనక సీట్లో మామి గొడుగు విప్పుకుని కూర్చునేది. కారు లోపలే. ఆ వీధిలో ఎవరినైనా అడగండి, ఇది నా కల్పన కాదు. తిరుచానూరు పోయే దారిలో జనం ఆగి చూసేవాళ్ళు. మామి గొడుగు వంచి, తెలిసినవాళ్ళు కనిపిస్తే పలకరించేది కూడా.

ఇలాంటి మనిషి పక్కన ఉండగా వీధిలో ఏదైనా దొంగతనంగా అంటించడం కూడా కష్టమే. నా కారు తలుపు రబ్బరు కొంచెం లేస్తే, మామ గుడికి పోయిన సమయం చూసి చటుక్కు బంక వేశాను. ఆయన తిరిగి వస్తూ మా గేటు దగ్గర ఆగి, గాలి పీల్చి, లోపలికి వచ్చి కణుపుతో తాకారు. ఆరనిచ్చినావా అని కూడా అడగలేదు. చావు కబురు విన్నట్టు తల దించుకుని వెళ్ళిపోయారు. తర్వాతి ఎండాకాలంలో నా రబ్బరు పెంకులు పెంకులుగా ఊడింది. మామ అప్పుడు ఉప్పుకాగితం ముక్క ఒకటి సెలవులకు వచ్చిన మనవరాలి చేత మా ఇంటికి పంపించారు.

ఇప్పుడు మామి తమ్ముడి సంగతి చెప్పాలి. ఐరాల దగ్గర పల్లెలో ఆయనకు చెరుకుతోట, మామిడితోట. తల్లి చిన్నప్పుడే పోతే అక్క అయిన మామియే ఎత్తుకుని పెంచింది. మనిషి మంచివాడు. కాకపోతే ఆయన దృష్టిలో లోకంలో ఉండేది ఒకే బంక, పైపుల బంక. మా సీమలో ఏటా బోరు లోతు దించుతూ పోవాలి, పైపుకు పైపు కలుపుతూ పోవాలి. ఇంట్లో కాఫీ పొడి లేకపోవచ్చు కానీ మోటారు షెడ్డులో పైపుల బంక లేని రైతు ఉండడు. ఆయన చెప్పు తెగినా, బక్కెట పగిలినా, కళ్ళజోడు విరిగినా దాన్నే పూసేవాడు. మామ దాన్ని చూసి కళ్ళు మూసుకునేవారు.

ఒక మామిడికాయల కాలంలో దంపతులిద్దరూ ఆ పల్లెకు పోయి నాలుగు రోజులు ఉన్నారు. బయలుదేరే రోజు పొద్దున మామ కారు దగ్గరికి వచ్చి చూస్తే, వెనక తలుపులు రెంటికీ రబ్బరు చక్కగా అంటించి ఉంది. పురికొస లేదు. మామ వాసన చూశారు. కారెక్కారు. కాణిపాకం ఆర్చి దగ్గరికి వచ్చేసరికి ఎండ ముదిరింది. రబ్బరు రెండువైపులా గుమ్మడితీగలా మెలి తిరిగి కిందికి జారింది. పైపుల బంకకు ప్లాస్టిక్కును కరిగించి కలిపే గుణం ఉంది, రబ్బరును పట్టే గుణం లేదు. కానీ రంగును అది బాగా పట్టేస్తుంది. తలుపు అంచున తెల్ల రంగు అమ్మవారు పోసినట్టు పొక్కులు పొక్కులుగా లేచి రబ్బరుతోపాటే వచ్చేసింది.

మామ అక్కడి నుంచే కారు వెనక్కి తిప్పారు.

"పైపుల బంక ఎందుకు పెట్టినావప్పా?" అని అడిగారట. బావమరిది తాను పెట్టలేదన్నాడు. మామ నవ్వారట. ఆయన నవ్వితే మరీ ప్రమాదం. "నీ ఊరు, నీ షెడ్డు, నీ డబ్బా. నువ్వు కాకుంటే పైనుంచి దేవతలు దిగొచ్చి పూసినారా?" ఆ ప్రశ్నకు బావమరిది జవాబు చెప్పలేదు. చెప్పకపోవడంతో మామకు ఇంకా మండింది. "పెట్టనోడివైతే కాణిపాకంలో ప్రమాణం చెయ్యి. సేసినాకే నీ గడప తొక్కుతాను."

మా జిల్లావాళ్ళకు దీని బరువు తెలుసు. గట్టు రాయి జరిపారన్నా, ఆవు పోయిందన్నా, కోర్టుల్లో తేలనిది కాణిపాకంలో తేలుతుంది. కోనేట్లో మునిగి, తడిబట్టలతో వినాయకుడి ముందు నిలబడి ప్రమాణం చేయాలి. అబద్ధం చెప్పినవాడు బాగుపడడని నమ్మకం. హత్యలు ఒప్పుకున్నవాళ్ళు ఉన్నారంటారు. కారు రబ్బరు కోసం మాత్రం అంతకుముందు ఎవరూ పోలేదు. పైగా మామ తన ఇంటి పెరుమాళ్ళను తప్ప ఇంకొకరిని తలవని వైష్ణవుడు. వినాయకుడి పంచాయితీకి ఎలా ఒప్పుకున్నావు మామా అని నేను గిల్లితే, "మాకు ఆయన తొండం ఉండే ఆళ్వారు లేబ్బా" అన్నారు.

బావమరిది మొండికేశాడు. ఆ రోజు నుంచి రెండిళ్ళ మధ్య మాటలు లేవు. ఆ ఇంటి మామిడిపళ్ళు ఈ ఇంటికి రాలేదు. మామి ఆ విషయం ఎత్తేది కాదు. మామిడిపళ్ళ బండి వీధిలోకి వస్తే మాత్రం లోపలికి వెళ్ళిపోయేది.

అలా ఉండగా బావమరిదికి షష్టిపూర్తి వచ్చింది. అక్క వచ్చి హారతి పట్టకపోతే తాను పీట మీద కూర్చోనని ఆయన కబురు పెట్టాడు. భర్త రాకుండా ఒక్కతే పోతే ఆ బంధువుల మధ్య ఏమని చెప్పుకోవాలి, తాను పోనని మామి. ప్రమాణం కానిదే కదలనని మామ. ఈసారి కలవకపోతే ఇక కలిసేది ఎవరో ఒకరి చావుకేనని మామికి తెలుసు. ఒక పొద్దున కాఫీ ఇస్తూ నాతో అంది: "వాని చిన్నప్పుడు స్నానం చేపించినానప్పా ఈ చేతుల్తో. ఆ చేతుల్తోనే హారతి పట్టాలనుండాది. నువ్వైనా పోయి మాట్లాడు."

నేను ఐరాల పోయాను. మామ షరతు విని ఆయన గానుగ పక్కన చెరుకు మోపు మీద కూర్చుని ఒక గడ లాగి విరిచాడు. తర్వాత, "సరే. ప్రమాణమే కదా. సేస్తాలే" అన్నాడు. షష్టిపూర్తికి ముందురోజు కాణిపాకంలో కలుసుకుని, ప్రమాణం ముగించి, అందరం కలిసి పల్లెకు పోవాలని మాట అయింది. రాజకీయాల్లోకి పోయి ఉంటే ఎంత బాగుపడేవాణ్ణో అనుకుంటూ తిరిగి వచ్చాను.

కానీ మామ అంతటితో ఆగలేదు. బావమరిది కళ్ళ ముందు ఆ కారులోనే దిగాలి, రబ్బరు ఎలా అంటించాలో అతను చూసి నేర్చుకోవాలి అన్నారు. ఇన్నేళ్ళూ తిరిగిన చక్రం ఆ పంతం దెబ్బకు ఆగింది. బయలుదేరే రోజు తెల్లారేసరికి గాడి గీకి, పెట్రోలు గుడ్డతో తుడిచి, రబ్బరుకూ తలుపుకూ తేనె రంగు బంక పూసేశారు. నేను డ్రైవరుగా వెళ్ళేసరికి మామి పట్టుచీర కట్టుకుని, ఒళ్ళో పళ్ళెమూ పసుపుకుంకుమలూ పెట్టుకుని వాకిట్లో కూర్చుని ఉంది. మామ కణుపుతో తాకి, "ఇంకా" అన్నారు. కార్తీకమాసం, మబ్బు పట్టి గాలంతా చెమ్మగా ఉంది. బంక ఆరదు. కాఫీ అయింది. మళ్ళీ తాకి, "ఇంకా." టిఫిను అయింది. "ఇంకా."

మామి లేచి నిలబడింది. "అది పోతా పోతా ఆరుతాది. పదండి."

తలుపులు మూస్తే గాడిలోని పచ్చి బంక చట్రానికి అంటుకుపోతుంది. అందుకని రెండు వెనక తలుపులనూ వారగా తెరిచి, కొబ్బరితాడుతో కట్టి, గద్ద రెక్కలు విప్పినట్టు బయలుదేరాం. పెద్ద రోడ్డు వదిలి, పల్లెల దారిలో, ఎద్దులబండికి దారి ఇచ్చే వేగంతో నేను తోలాను. బంక పూసిన రబ్బరు రెండు ముక్కలనూ మామ చేతికొకటిగా పాముల్లా కిటికీ బయటికి పట్టుకున్నారు, గాలికి ఆరాలని. మామి పళ్ళెం పట్టుకుంది. దారిలో ఒక పోలీసాయన ఆపాడు. ఏమిటిదని అడిగాడు. మామ మొదటి నుంచీ చెప్పారు. ఆయన అంతా విని, తన మోటారుసైకిలు సీటు చినిగిన చోట ఏ బంక వేస్తే మంచిదో అడిగి తెలుసుకుని మమ్మల్ని పంపించేశాడు. ఇందులో ఒక్క ముక్క కూడా నేను కలపలేదు.

కాణిపాకం ఇంకా కొంచెం దూరం ఉందనగా మామ కణుపుతో తాకి, "ఇప్పుడు" అన్నారు. ఆ మాట ఆయన నోట వినడం నాకు అదే మొదటిసారి. కారు ఆపాం. మధ్యలోంచి మూలలకు ఒత్తుకుంటూ అంటించాం. తలుపు వేస్తే కొత్త కారులా టప్పుమంది. మామ ముఖం చూడాలి అప్పుడు. ఇంకో తలుపు కూడా వేసి చూసి, ఇద్దరూ లోపల కూర్చుని తలుపులు వేసుకున్నారు.

గుడి దగ్గరికి చేరేసరికి బావమరిది కోనేట్లో మునిగి, పంచె నుంచి నీళ్ళు కారుతూ, వణుకుతూ నిలబడి ఉన్నాడు. నేను ముందు తలుపు తీసుకుని దిగాను. మామ దిగాలని చూశారు. తలుపు రాలేదు. మామి వైపుదీ రాలేదు. అంచున మిగిలిన బంక తలుపును చట్రానికి పట్టేసింది. నేను గుంజాను. పూలమ్మేవాళ్ళు ఇద్దరు వచ్చి గుంజారు. మామ మాత్రం లోపల కూర్చుని, "పట్టింది సూసినావా" అని మురిసిపోతున్నారు. కిటికీ అద్దాలు సగం వరకే దిగుతాయి. వాది కారులో చిక్కుకుపోయాడు, ప్రతివాది తడిబట్టలతో బయట ఉన్నాడు.

బావమరిది కిటికీ దగ్గరికి వచ్చాడు. "బావా, నువ్వు దిగే పన్లేదు. నా మాట వినపడితే సాలు. పైపుల బంక పెట్టింది నేనే. పోయి దేవుని ముందర ఇదే మాట చెప్తా. దీంతో అయిపోవాల."

అని గుడివైపు తిరిగాడు. పెట్టలేదని ప్రమాణం చేస్తాడనుకున్నవాణ్ణి, నాకు తల తిరిగింది. అప్పుడు మామి సగం దించిన అద్దం మీదుగా చెయ్యి చాపి, ఆయన తడి పైపంచె కొంగు పట్టుకుంది.

"ఒరే, నిలబడు. అబద్ధం చెప్పేదానికి ఆడికి పోతావా? రేపు పీట మీద కూర్చోవాల్సినోడివి."

"ఇడుసక్కా. నేను చూసుకుంటా."

"ఏం చూసుకుంటావు? ఇన్నాళ్ళు చూసుకునింది చాలదా." మామి భర్త వైపు తిరిగింది. "పెట్టింది నేను. వాడు కాదు. గొడుగు పట్టుకుని పట్టుకుని చెయ్యి గుంజతాంటే, మీరు లేవకముందే షెడ్డులో డబ్బా తెచ్చి నేనే పూసినా. వాడు చూసినాడు. చెప్పొద్దంటే చెప్పలేదు."

అప్పటికి నాకు అర్థమైంది. తాను పెట్టలేదని ప్రమాణం చేస్తే, మరి ఎవరు పెట్టారనే ప్రశ్న వస్తుంది. ఆ ఇంట్లో ఇంకెవరున్నారు? అక్క పేరు రాకూడదని ఆయన ఇన్నేళ్ళు నోరు మూసుకున్నాడు. ఇప్పుడు అక్క రావాలని, దేవుడి ఎదుట అబద్ధం ఆడటానికి కోనేట్లో మునిగి వచ్చాడు.

మామ చెయ్యి తలుపు పిడి మీద ఉంది. ఒకసారి గుంజారు. రాలేదు. ఆయన ఎటు పోగలరు? పక్కన భార్య, బయట బావమరిది, చుట్టూ పూలమ్మేవాళ్ళు. తిరునామం కింద నుదురు ముడిపడింది, వీడింది.

"పూసి ఎంతసేపు ఆరనిచ్చినావు?" అన్నారు.

"ఆరనివ్వలేదు," అంది మామి. "మీరు లేస్తారని భయపడి అట్లే ఒత్తేసినా."

"రెండు పక్కలా పూసినావా?"

"ఒక పక్కే."

మామ నిట్టూర్చారు. "అదే తప్పు. బంకదేముండాది పాపం." తర్వాత అద్దంలోంచి బయటికి చూసి, "తల తుడుచుకోప్పా, జలుబు చేస్తాది. ప్రమాణం ఏమొద్దు. బండెక్కు" అన్నారు.

బావమరిది తడిబట్టలతోనే నా పక్కన ముందు సీట్లో కూర్చున్నాడు. పల్లె చేరాక వేడి కత్తితో అంచులు కోసి దంపతుల్ని దింపాం. మర్నాడు మామి హారతి పట్టింది. పీట మీద కూర్చున్న తమ్ముడు తుమ్ముతూనే ఉన్నాడు. మామ బావమరిది ఇంటి తిన్నె మీద కూర్చుని, ఆ ఊరి రైతులందరికీ రబ్బరుకు ఏది పనికొస్తుందో, ఏది పనికిరాదో చెప్పారు. వాళ్ళు విన్నారు. విని, తిరిగి షెడ్డులకు పోయి పైపుల బంకే వాడి ఉంటారు.

ఇక ఒప్పుకోవాల్సింది ఒకటి ఉంది. ఒట్టు పెట్టాను కాబట్టి దాచుకోవడం న్యాయం కాదు.

కారులో గొడుగు నిజం. రెక్కలు విప్పిన కారు నిజం. పోలీసాయన సీటు నిజం. ఐసు పెట్టె నిజం. తలుపులు అంటుకుపోవడం మాత్రం నేను కల్పించాను, ఆ వేడి కత్తి ఆ అబద్ధానికి తోక. మామ పూసిన బంక అంచు దాటి పోయే బంకా? రబ్బరు ఎక్కడ పట్టాలో అక్కడే పట్టింది. తలుపు వెన్నలా తెరుచుకుంది. బావమరిదికి ఆ శబ్దం వినిపించాలని మామ రెండుసార్లు తెరిచి మూశారు కూడా. మామి "పెట్టింది నేను" అన్నప్పుడు మామ వైపు తలుపు బార్లా తెరిచి ఉంది. ఆయన ఒక కాలు అప్పటికే నేల మీద ఉంది. ఎదురుగా తిరుపతి బస్సు బయలుదేరడానికి హారను కొడుతోంది. నలుగురిలో అంత మాట విన్న ఆ పంతం మనిషి దిగిపోతాడని, ఆ బస్సెక్కుతాడని నేను గట్టిగా అనుకున్నాను. మామి కూడా అలాగే అనుకుందని ఆమె ముఖం చెప్పింది.

మామ ఆ కాలిని చూసుకున్నారు. మెల్లగా లోపలికి తీసుకున్నారు. చెయ్యి చాపి తలుపు తనే వేసుకున్నారు. ఆ తర్వాతే, ఎంతసేపు ఆరనిచ్చినావని అడిగారు.

మీరు నమ్మరేమోనని తలుపు నేను అంటించాను.